క్రిస్మస్ బల్ల మీద నరసాపురం

లేసు పువ్వు నడిమధ్యలో మొదలవుతుంది. దారాన్ని ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకుని, కొనకు కొక్కెం ఉన్న సూదితో మొదటి ఉచ్చు లాగుతారు. అందులోంచి ఇంకొకటి, దాంట్లోంచి మరొకటి లాగుతూ పోతే గొలుసు తయారవుతుంది. ఎనిమిది గొలుసుకుట్లు పడ్డాక చివరిదాన్ని తెచ్చి మొదటిదానితో కలిపితే బఠాణీ గింజంత సున్నా వస్తుంది. ఇక దాని చుట్టూ వరస మీద వరస పెరుగుతుంది. మగ్గం అక్కర్లేదు, చట్రం అక్కర్లేదు. ఏజెంటు ఇచ్చిన శాంపిల్ ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఏ వరసలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టుకుని పని ఎత్తుకోవడమే. మా అమ్మకు చదువు రాదు. కానీ ఏ శాంపిల్‌నైనా ఒక్కసారి వేళ్ళతో తడిమిందంటే లెక్క ఆమెకు దొరికిపోయేది.

మాది నరసాపురం దగ్గర పల్లె. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. నేను చెప్పిన పాఠాల్లో పానిపట్టు యుద్ధం ఉంది, ఇంగ్లండులో పారిశ్రామిక విప్లవం ఉంది. నా ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఎంతోమంది తల్లులు చేసే పని గురించి మాత్రం ఒక్క పేరా కనబడలేదు. ఆ పేరా ఎలా ఉండాలో నాకు నేనుగా వెతుక్కుంటూ వచ్చాను.

అమ్మ మధ్యాహ్నం వంట, కడుగు అయ్యాక అరుగు మీదికి వచ్చి కూర్చునేది. అంతకుముందు చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్ది కడిగేది. గోళ్ళ సందుల్లో పసుపు ఉందేమోనని చూసుకునేది. ఒళ్ళో ఉతికిన తెల్లగుడ్డ పరుచుకుని, దాని మీద దారపు ఉండ పెట్టుకునేది. తెల్లదారం మీద పసుపు మరకో, పొయ్యి మసో, చెమట చారో పడిందంటే ఆ పువ్వుకు కూలి రాదు, పైగా దారం ఖరీదు తిరిగి కట్టాలి. నేను చిన్నప్పుడు ఆ ఒడిలోకి ఎక్కబోతే రెండో చేత్తో ఆపేది. చీకటి పడ్డాక లాంతరు వెలుగులో మళ్ళీ కూర్చునేది. ఆమె అల్లినవి బల్ల మీద పరిచే గుడ్డలు, గ్లాసుల కింద పెట్టే చిన్న చిన్న గుండ్రటి ముక్కలు, దిండ్ల అంచులు. మా ఇంట్లో అప్పటికి బల్ల లేదు.

ఆ బల్లలు ఎక్కడివి? అమ్మ తరాన్ని దాటి, మామ్మ తరాన్ని దాటి వెనక్కి వెళితే తప్ప దీనికి జవాబు దొరకదు.

సముద్రం అవతలి కొనుగోలుదారు నరసాపురానికి లేసు రాక ముందే తెలుసు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న రేవు ఇది. ఊరిలో కలిసిపోయిన మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలో ఓడలు కట్టేవారు. ఇంగ్లీషు కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. పక్కనే పాలకొల్లులో డచ్చివాళ్ళు ఉండేవారు. ఈ చుట్టుపక్కల నేసిన సన్నని నూలుబట్ట మాధవాయిపాలెం పేరుతోనే యూరప్‌లో అమ్ముడయ్యేది. ‘మడపొల్లం’ అంటే ఇవాళ్టికీ అక్కడి బట్టల వ్యాపారులకు తెలుసు. తరవాత లాంకషైర్ మరమగ్గాలు అదే పేరుతో అదే రకం బట్టను నేశాయి. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వర్తకం మూతపడింది. ఊరి పేరు బట్ట మీద మిగిలింది, ఊళ్ళో మగ్గాల చప్పుడు తగ్గిపోయింది.

ఆ రోజుల్లోనే నందన కరువు వచ్చింది. 1832, 33 సంవత్సరాల్లో ఉత్తర సర్కారులను తుడిచిపెట్టిన కరువు అది. 1839లో కోరంగి తుపాను. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో ఏడు లక్షలకు పైగా ఉన్నది 1841కి ఐదున్నర లక్షల పైచిలుకుకు దిగిపోయింది. నది నిండా నీళ్ళు, పొలంలో చుక్క లేదు. ఈ దుస్థితి ఎందుకొచ్చిందో చూసి రమ్మని మద్రాసు ప్రభుత్వం హెన్రీ మాంట్‌గొమరీని పంపితే ఆయన 1844లో నివేదిక ఇచ్చాడు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని ఆర్థర్ కాటన్ వాదించిందీ అప్పుడే. ఆ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది.

మాంట్‌గొమరీ నివేదిక వచ్చిన ఆ 1844 సంవత్సరమే నరసాపురం లేసు పుట్టిన ఏడని చెప్పుకుంటారు.

అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1836లో, ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ భార్యలతో కలిసి వచ్చారు. మచిలీపట్నంలో కొన్నాళ్ళుండి నరసాపురం చేరారు. వాళ్ళకు జీతమిచ్చే సంఘం వెనక లేదు, అంతా విశ్వాసం మీదే. గోదావరి డెల్టా మిషన్ అని తరవాత పేరొచ్చింది దానికే. ఆ కాలంలో ఇక్కడి మిషనరీ కుటుంబాల ఆడవాళ్ళు, ముఖ్యంగా మాక్రే దొరసాని, కొద్దిమంది క్రైస్తవ స్త్రీలకు కొక్కెం సూది పట్టుకోవడం నేర్పారు. పైన గోదావరి ఒడ్డున భద్రాచలం దగ్గర డుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళూ ఇదే నేర్పారు. అక్కడ కెయిన్ దొరసాని చేతి మీదుగా లేసు చాలా ఇళ్ళకు పాకింది.

నేర్చుకున్నవాళ్ళు ఎవరు? మాల పేటల్లో, మాదిగ పేటల్లో ఉన్న ఆడవాళ్ళు. నాట్లకు, కలుపులకు, కోతలకు వెళ్ళి బతికేవాళ్ళు. కరువు రోజుల్లో ఆ కూలీ ఉండదు. మతం పుచ్చుకున్నారని కోపం వచ్చిన రైతు పిలవడం మానేస్తే అసలే ఉండదు. మా మామ్మ వాళ్ళ అమ్మ ఈ వరసలో ఎక్కడో ఉంది. ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, ఆమె నేర్పిన ‘అనాసపండు’ పువ్వు మాత్రం మా అమ్మ చేతిదాకా వచ్చింది.

ఇదే సమయంలో ఐర్లండులో జరిగింది చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అక్కడ బంగాళదుంప పంట కుళ్ళి మహా కరువు వచ్చింది 1845లో. కార్క్ పట్టణం పక్క బ్లాక్‌రాక్‌లో ఉర్సులైన్ కన్యాస్త్రీలు పేద పిల్లలకు అదే ఏడు ఇదే కొక్కెం పని నేర్పారు. రెండేళ్ళకు క్లోన్స్ అనే ఊళ్ళో కాసాండ్రా హ్యాండ్ అనే పాదిరి భార్య నేర్పింది. ఆకలితో ఉన్న ఆడదాని చేతికి ఒక సూది, ఒక దారపు ఉండ ఇస్తే ఇంటి దగ్గరే కూర్చుని నాలుగు డబ్బులు చేసుకుంటుందని ప్రపంచం రెండు కొసల్లో ఒకే సమయంలో తోచింది. సూది ఇత్తడిదో ఇనుముదో, అణా పెడితే వచ్చేది. పెట్టుబడి అంతకన్నా తక్కువున్న పని ఇంకొకటి లేదు.

మరి కొనేదెవరు? ఇక్కడే క్రిస్మస్ వస్తుంది.

మనం ఇప్పుడు క్రిస్మస్ అనుకుంటున్న పండగలో సగం ఆ పదేళ్ళలోనే ఇంగ్లండులో రూపు దిద్దుకుంది. డికెన్స్ ‘క్రిస్మస్ కారల్’ 1843 డిసెంబరులో వచ్చింది. హెన్రీ కోల్ మొదటి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించిందీ ఆ ఏడే. విక్టోరియా రాణి, ఆల్బర్ట్ పిల్లలతో కలిసి అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ 1848లో ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ పత్రికలో పడింది. దాన్ని చూసి మధ్యతరగతి ఇళ్ళన్నీ చెట్టు పెట్టాయి. చెట్టు వచ్చాక కానుకలు, విందు బల్ల, ఆ బల్ల మీదికి తెల్లటి లేసు. చర్చి ఆడవాళ్ళు మిషన్ల కోసం చేతిపనుల అమ్మకాలు పెట్టడం కూడా ఆ కాలపు అలవాటే. అంటే నరసాపురంలో లేసు అల్లే చెయ్యి, ఇంగ్లండులో క్రిస్మస్‌కు లేసు కొనే చెయ్యి ఒకే కాలంలో తయారయ్యాయి. ఒకటి కరువులోంచి, ఇంకోటి కలిమిలోంచి. రెండింటికీ మధ్య ఒక దొరసాని, ఒక తపాలా పెట్టె మాత్రమే ఉండేవి.

ఆ తొలి ఏర్పాటును నేను పొగడబోవడం లేదు. దానం చేసే చేతికీ దానం పుచ్చుకునే చేతికీ మధ్య ఉండే ఎత్తుపల్లాలు అందులోనూ ఉన్నాయి. కానీ ఒక సంగతి గమనించాలి. లేసును మిషనరీలు ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండులో ఉన్న తమ స్నేహితులకు పంపేవారు. వచ్చిన డబ్బు అల్లినవాళ్ళకు చేరేది. ఈ ముక్క ఫలానా పేటలో ఫలానా మనిషి చేసిందని కొన్నవాళ్ళకు తెలిసేందుకు వీలుండేది. ఆ తరవాతి వందేళ్ళ చరిత్రంతా ఆ వీలు ఎలా పోయిందన్నదే.

లేసు క్రైస్తవ పేటలు దాటి కాపుల ఇళ్ళలోకి ఎలా వెళ్ళిందో చెప్పాలి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకు ఘోషా ఉండేది, పొలానికి వెళ్ళకూడదు. కాలవలు వచ్చి పంటలు పండి కొందరు బాగుపడ్డా, అన్ని ఇళ్ళకూ ఆ భాగ్యం పట్టలేదు. పేరు చూస్తే పెద్ద ఇల్లు, లోపల చూస్తే గాదె ఖాళీ. బయటికి కనబడకుండా సంపాదించుకునే పని ఏదైనా ఉంటే బావుండునని ఎదురుచూసిన ఆ ఆడవాళ్ళకు లేసు సరిగ్గా అతికింది. వాకిలి తలుపు దగ్గరకు వేసుకుని లోపల అల్లేవాళ్ళు. మా అమ్మ అల్లిన పువ్వు, పెద్దవీధిలో తలుపు చాటున ఒక కాపు ఇల్లాలు అల్లిన పువ్వు ఒకే బల్లగుడ్డలో పక్కపక్కన అతికేవి. వాళ్ళిద్దరూ ఒకే పంక్తిలో భోజనానికి ఏనాడూ కూర్చోలేదు.

అప్పటికి పని ముక్కలైపోయింది. మొదట్లో ఒక మనిషి గుడ్డంతా తానే పూర్తిచేసేది. తరవాత విడి పువ్వులు చేసేవాళ్ళు వేరు, పువ్వుల్ని కలిపే అతుకుపని వాళ్ళు వేరు, అంచుకు కాజాకుట్టు వేసేవాళ్ళు వేరు. పువ్వులు చేసేవాళ్ళకు గుడ్డ ఎంత ఉంటుందో, ఎలా ఉంటుందో తెలియదు. అతుకుపని చేసే ఆమెకు ఈ పువ్వు ఎవరిదో తెలియదు. అందరికీ తెలిసింది ఏజెంటు ఒక్కడే. ఆయన పైన ఎగుమతిదారు. ఎగుమతిదారు పేరు అందరం వినేవాళ్ళం, మనిషిని చూసినవాళ్ళు లేరు.

దారం తూకం వేసి ఇచ్చేవారు, లేసు తూకం వేసి తీసుకునేవారు. మా పేటకు వచ్చే ఏజెంటు సైకిలు మీద, వెనక క్యారియరుకు గోనెసంచి, సంచిలో చిన్న త్రాసు. తూకంలో తరుగు వస్తే కూలిలో కోత. లేసు అల్లినప్పుడు కుట్టు మొదట, చివర కత్తిరించిన దారపు కొసలు పోతాయి, వాటి బరువు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అమ్మ ఆ కొసల్ని పారెయ్యకుండా ఒక గుడ్డపేలికలో మూటకట్టి పెట్టేది. తరుగు అన్నప్పుడు మూట విప్పి చూపించేది. ఆయన ఒప్పుకున్న రోజులూ ఉన్నాయి, చూడకుండానే రాసుకుపోయిన రోజులూ ఉన్నాయి.

19వ శతాబ్దం చివరి పెద్ద కరువును, 1929 తరవాత ప్రపంచమంతా పడిపోయిన ఆర్థిక మాంద్యాన్ని ఈ పని తట్టుకుని నిలబడిందని గర్వంగా రాస్తుంటారు. నిజమే. అయితే తట్టుకుంది ఎవరి కడుపులు మాడ్చుకుని? కొనేవాడు ధర తగ్గించినప్పుడల్లా ఎగుమతిదారు ఏజెంటుకు తగ్గించాడు, ఏజెంటు పువ్వుకు తగ్గించాడు. పువ్వుకు తగ్గాక ఇంకెవరికీ తగ్గించే వీల్లేదు. అక్కడ ఇంకో గంట దీపం పెట్టుకుని కూర్చోవడం తప్ప దారి లేదు.

1970ల చివర జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ నరసాపురం వచ్చారు. ఆవిడ ఇక్కడి ఇళ్ళలో కూర్చుని, ఈ ఆడవాళ్ళతో మాట్లాడి, వాళ్ళ రోజును గంటల లెక్కన రాసుకుని వెళ్ళారు. ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే ఆ పుస్తకం 1982లో అచ్చయింది, ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాల్లో పాఠమైంది. మా ఊళ్ళో మాత్రం చాలామందికి ఆ పుస్తకం ఉందనే తెలియదు. ఆవిడ తేల్చిన లెక్క ఒక్కటి చెబుతాను. ఇంటి చాకిరీ అంతా చేసుకుని, ఆ పైన రోజుకు ఆరేడు గంటలు లేసు మీద కూర్చున్న మనిషికి దక్కింది రోజుకు రూపాయి కూడా కాదు. అప్పటి ఆడకూలీకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంతో చూస్తే చాలా దూరం. అప్పటికి మన రాష్ట్ర హస్తకళల ఎగుమతుల్లో సింహభాగం లేసుదే. ఆస్ట్రేలియా, పశ్చిమ జర్మనీ, ఇటలీ, డెన్మార్క్, స్వీడన్, బ్రిటన్, అమెరికాలకు వెళ్ళేది. హరిత విప్లవంతో చేతిలో డబ్బు ఆడిన కుటుంబాలు చాలా ఈ ఎగుమతుల్లోకి దిగాయి. డాబాలు లేచాయి.

అంత తక్కువ ఎలా ఇవ్వగలిగారు? వాళ్ళు కూలీలు కారు, గృహిణులు, ఖాళీ సమయంలో కాలక్షేపానికి అల్లుకుంటున్నారు అనే మాట వల్ల. మీస్ పుస్తకానికి వెన్నెముక ఈ పరిశీలనే. జనాభా లెక్కల వాళ్ళు వచ్చి ‘ఏం చేస్తారమ్మా’ అని అడిగితే మగవాళ్ళే ముందుకొచ్చి ‘ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది’ అనేవారు. అమ్మ పక్కనే అల్లుతూ ఉండేది. లెక్కల్లో లేని మనిషికి కనీస వేతనం అడిగే హక్కు ఎక్కడిది? ఈ ఒక్క సంగతి నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. నేను చదువుకున్నది, ఉద్యోగం చేసింది ఆ ‘ఏమీ చెయ్యని’ మనిషి అల్లిన పువ్వుల డబ్బుతో.

క్రిస్మస్‌కు ఈ పనికి ఉన్న లంకె మా ఇంటి క్యాలెండరులో ఎలా ఉండేదో చెబుతాను. చలిదేశాల క్రిస్మస్ దుకాణాలు అక్టోబరు, నవంబరుల్లో సర్దుకోవాలి. సరుకు ఓడ మీద వెళ్ళాలి. కాబట్టి పెద్ద ఆర్డర్లన్నీ ఎండాకాలంలో ఊళ్ళోకి దిగేవి. మే నెలలో, చెమట ధారలు కట్టే రోజుల్లో, మా వాళ్ళు మంచు దేశపు పండగకు అల్లేవాళ్ళు. చేతుల చెమట దారానికి అంటుకోకుండా పక్కన పొడిగుడ్డ పెట్టుకుని నాలుగు కుట్లకు ఒకసారి తుడుచుకునేవాళ్ళు. వినాయక చవితి దాటేసరికి ఎగుమతిదారు గొడౌన్లో ఉతకడం, బిగలాగి ఆరబెట్టడం, ఇస్త్రీ, పెట్టెలు కట్టడం అయిపోయేది. ఆ తరవాత పని పలచబడేది. డిసెంబరు వచ్చేసరికి పేటలో సూదులన్నీ ఖాళీ. మా సొంత క్రిస్మస్ వచ్చేసరికి చేతిలో పనీ లేదు, పైసా లేదు. కొత్త బట్టలు కొట్లో అప్పు పెట్టేవాళ్ళు. సంక్రాంతి తరవాత వచ్చే ఆర్డరు మీద ముందుగా కొంత ఇమ్మని ఏజెంటును అడిగేవాళ్ళు. ఆయన ఇచ్చాడంటే ఆ ఏడంతా ఆయన చెప్పిన రేటే.

అలాగని మా పండగ చిన్నబోయిందని అనుకోవద్దు. వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి, లోపల దీపం పెట్టి నక్షత్రం కట్టే పెద్దాయన ఒకాయన మా పేటలో ఉండేవాడు. గులాబీ పువ్వుల అచ్చు ఒకటి పేటంతా తిరిగేది. అర్ధరాత్రి ఆరాధనకు అందరం వెళ్ళేవాళ్ళం. అక్కడ ప్రభురాత్రి భోజనపు బల్ల మీద పరిచిన లేసు గుడ్డ ఒక్కటే మా వాళ్ళు అల్లి మా వాళ్ళే ఉంచుకున్నది. ఏడాదిలో ఆ గుడ్డ కోసం మిగిల్చిన దారం ఎవరి దగ్గర తూకం వెయ్యలేదు.

2000 దశకంలో చైనా సరుకు ముంచెత్తింది. మా వాళ్ళు వారం అల్లే గుడ్డ ఖరీదులో పావు ధరకు అక్కడినుంచి రావడం మొదలైంది. నరసాపురం పక్క సీతారామపురంలో అలంకృతి లేసు పార్కు కట్టి, సంఘాలు పెట్టి, శిక్షణలు ఇచ్చి ప్రభుత్వం కొంత నిలబెట్టే ప్రయత్నం చేసింది. అయినా చాలామంది సూది కింద పెట్టేశారు. చేపల చెరువుల్లో, రొయ్యల ప్యాకింగుల్లో పనికి వెళ్ళారు. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. రొయ్యల షెడ్డులో రోజు కూలి ఎంతో సాయంత్రానికి తెలుస్తుంది.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లో 19 మండలాల్లో 15 వేలమందికి పైగా ఆడవాళ్ళు ఈ పనిలో ఉన్నారని అప్పుడు పత్రికలు రాశాయి. ఎన్నో ఏళ్ళు లెక్కకెక్కని చేతులు ఇప్పటికి ఒక అంకెగానైనా కాగితం ఎక్కాయి. సంతోషం. కానీ గుర్తింపు పత్రం గోడకు ఉంటుంది, పువ్వుకు రేటు కొనేవాడి చేతిలో ఉంటుంది. ఈ పేరుతో ఎవరో యంత్రపు ముక్కను అమ్మితే పట్టుకోవాల్సిందీ కొనేవాడే.

పట్టుకోవడం కష్టం కాదు. యంత్రంతో చేసే లేసు చాలావరకు కరిగిపోయే గుడ్డ మీద ఎంబ్రాయిడరీ వేసి, తరవాత ఆ గుడ్డను కరిగించేసి మిగిల్చిన దారం. దాన్ని తిరగేసి చూడండి. దారాలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా కుట్టేసి ఉంటాయి, కుట్టుకు కుట్టు విడిగా కనబడదు. చేతి పనిలో ప్రతి కుట్టూ ఒక ఉచ్చు, ఉచ్చులోంచి ఉచ్చు. సూది కొనతో ఏ ఉచ్చునైనా విడిగా ఎత్తి చూడొచ్చు. వెనకవైపు ఎక్కడో ఒకచోట దారం కొసను కుట్ల కిందకు దోపి దాచిన చోటు దొరుకుతుంది. పక్కపక్కనున్న రెండు పువ్వుల్లో ఒకటి వెంట్రుకవాసి బిగువుగా, ఇంకోటి కాస్త వదులుగా ఉంటే అది లోపం కాదు. ఇద్దరు మనుషులు చేశారని గుర్తు.

ఈమధ్య ఈ వృత్తిలో నాకు బాగా నచ్చిన మార్పు చిన్న చిన్న కొట్లు. నరసాపురంలోనూ పాలకొల్లులోనూ ఆడవాళ్ళు సొంతంగానో, సంఘంగానో తామే దారం కొని, తామే అల్లించి, తామే అమ్ముతున్నారు. మా పేటలో నలుగురైదుగురు కలిసి ఇంటి ముందు గదిలో ఒక అద్దాల బీరువా పెట్టుకున్నారు. ఈ కొట్లలో మొదటిసారి మన పండగకు మన కోసం అల్లినవి కనబడుతున్నాయి. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే నక్షత్రాలు, గంటలు, దేవదూతలు, బాప్తిస్మం రోజు పసివాళ్ళకు తొడిగే టోపీలు, పాస్టరు గారి ప్రసంగ వేదిక ముందు వేసే తెర.

నక్షత్రం తయారీ చూసి తీరాలి. అల్లినప్పుడు అది మెత్తగా, ఏ ఆకారమూ లేకుండా ముద్దగా ఉంటుంది. చిక్కటి గంజిలో ముంచి, పిండి, అట్టముక్క మీద పరిచి, ఒక్కో కోణాన్ని లాగి గుండుసూది గుచ్చుతారు. ఆరు కోణాలకు ఆరు, మధ్య వంపులకు ఆరు. కోణాలు సమానంగా వచ్చాయా లేదా అని పొడవాటి కొబ్బరి ఈనెతో కొలుస్తారు. నీడన ఆరనివ్వాలి, ఎండలో పెడితే గంజి పసుపు రంగుకు తిరుగుతుంది. ఆరాక సూదులు తీస్తే గాలికి ఊగినా వంగని నక్షత్రం.

ఇప్పుడు ఖరీదు సంగతి. ఒక నక్షత్రానికి, గంజి పెట్టడం, ఆరబెట్టడం విడిచి, చేయి తిరిగిన మనిషికి ఒక పూట పడుతుంది. పూట అంటే ఆమె నాట్లకు వెళితే సగం రోజు కూలి. ఈ లెక్క వేసుకున్నాక ‘చిన్న నక్షత్రానికి ఇంతా’ అనే ప్రశ్న నోట్లోంచి రాదు. నేను బీరువా పెట్టుకున్న వాళ్ళకు మొదటి రోజే చెప్పాను, ధర చీటీ మీద రెండు వైపులా రాయండి అని. ఒక వైపు రేటు, ఇంకో వైపు అల్లిన మనిషి పేరు, పట్టిన గంటలు. మొదట సిగ్గుపడ్డారు. పేరు రాయడానికి ఎందుకు సిగ్గని అడిగితే ఒకావిడ, ‘ఇంతకాలం ఎవరూ రాయలేదు కదండీ టీచరుగారూ’ అంది. ఇప్పుడు ఆవిడే అందరికన్నా పెద్ద అక్షరాలతో రాస్తోంది.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న మన పిల్లలు డిసెంబరులో ఇంటికి చెట్టు తెచ్చుకుంటున్నారు. పెద్ద దుకాణంలో కొన్న ప్లాస్టిక్ మంచుబిళ్ళలు దానికి కడుతున్నారు. వాళ్ళలో ఎంతమంది అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ డెల్టాలోనే పుట్టారో నాకు తెలుసు, ఎందుకంటే వాళ్ళలో చాలామంది నా క్లాసులో కూర్చున్నవాళ్ళే. వాళ్ళు ఫోన్ చేసినప్పుడు నేను అడిగేది ఒక్కటే, చెట్టు మీద కనీసం ఒక కొమ్మ మన వాళ్ళకు వదలమని. తక్కువ ధరకు ఇవ్వమని అడగొద్దు, పాపమని ఎక్కువ ఇవ్వనూ వద్దు. చీటీ మీదున్న గంటలు చూసి ఇవ్వండి.

ఇంకో మాట, ఇది ప్రతి ఏడూ చెప్పాల్సి వస్తోంది. నవంబరు చివర్లో ఫోన్ చేసి యాభై నక్షత్రాలు కావాలంటే ఎవరూ ఇవ్వలేరు. బీరువా కొట్టు నలుగురూ రాత్రులు కూర్చున్నా కాదు, కూర్చోమని నేను చెప్పను కూడా. చర్చికి బల్లగుడ్డ కావాలంటే ఆగస్టులో చెప్పాలి, కొలతలు అంగుళాల్లో పంపాలి. నక్షత్రాలు, గంటలు దసరాకు ముందు చెబితే సరిపోతుంది. సగం డబ్బు ముందు పంపండి, ఆ డబ్బుతో దారం అప్పు లేకుండా కొనుక్కుంటారు, ఏజెంటు దగ్గర చెయ్యి చాచక్కర్లేదు. మిగతా సగం పార్శిల్ అందాక పంపినా చాలు. డిసెంబరు మొదటి ఆదివారానికి మీ ఊరు చేరేలా ఇక్కడి పోస్టాఫీసులో వేయించే పూచీ నాది.